రమేష్‌కి కారుంటే రాజేష్ రేషన్ కార్డు పోతుందా?

మొన్న థర్డ్ ఇయర్ సీఎస్‌ఈ చదివే ఒక తమ్ముడు నన్ను అడిగాడు. "అన్నా, గవర్నమెంట్ స్కీములన్నీ ఏఐకి అప్పగిస్తే దొంగ లబ్ధిదారులంతా ఒక్క రోజులో దొరికిపోతారు కదా, ఎందుకు చేయరు?" అని. చేశారు తమ్ముడూ. మన తెలంగాణలోనే చేశారు. ఇవాళ ఆ సంగతే మాట్లాడుకుందాం.

దాని పేరు సమగ్ర వేదిక. ఐడియా సింపుల్‌గానే ఉంటుంది. రేషన్ కార్డుల లిస్టు ఒక శాఖ దగ్గర, బండ్ల రిజిస్ట్రేషన్లు ఇంకో శాఖ దగ్గర, ఆస్తుల వివరాలు మరో శాఖ దగ్గర ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ఒక్కో మనిషికి ఒక్కో ప్రొఫైల్ తయారు చేస్తారు. కార్డు ఉన్నాయన పేరు మీద కారు కనిపించిందనుకోండి, అనర్హుడని మార్క్ పడుతుంది.

మరి ఈ కార్డు మనిషి, ఆ కారు మనిషి ఒక్కరే అని ఎలా తెలుస్తుంది? రెండు చోట్లా ఒకే నంబర్ ఉంటే గొడవ లేదు. లేనప్పుడు పేరు, తండ్రి పేరు, అడ్రస్ పట్టుకుని పోల్చాలి. దీన్నే ఎంటిటీ రిజల్యూషన్ అంటారు. రెండు పేర్లు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కేసే పద్ధతులు చాలా ఉన్నాయి. అన్నిటికన్నా ఫేమస్ లెవెన్‌స్టీన్ డిస్టెన్స్, 1965లో వచ్చింది. ఒక పేరుని ఇంకో పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు మార్చాలి, చేర్చాలి, తీసేయాలి అని లెక్కపెడుతుంది, అంతే. సమగ్ర వేదిక లోపల సరిగ్గా ఇదే నడుస్తుందని నేను అనట్లేదు. సమస్య ఎక్కడుందో ఈ చిన్న లెక్కతో అర్థమవుతుందని చెప్తున్నా.

ఇప్పుడు మన పేర్లు తీసుకోండి. రమేష్, రాజేష్. ఇంగ్లిష్‌లో రెండూ ఆరేసి అక్షరాలు, మూడో అక్షరం ఒక్కటే తేడా. అంటే దూరం 1. అదే లక్ష్మి అనే పేరు ఒకచోట ఎక్స్‌తో, ఇంకోచోట కే-ఎస్-హెచ్‌తో రాశారనుకోండి, దూరం 3. కంప్యూటర్ దృష్టిలో రమేష్, రాజేష్ దాదాపు ఒకే మనిషి, లక్ష్మిగారు మాత్రం ఇద్దరు! ఇక ఇంటిపేరు ఒక రికార్డులో ముందుంటే ఇంకో దాంట్లో చివర ఉంటుంది, మూడో దాంట్లో ఒట్టి ఇనీషియల్. మహమ్మద్ అనే పేరైతే ఎండీ అని ఒకచోట, మొహ్‌డ్ అని ఒకచోట. అడ్రస్ సంగతి సరేసరి, రామాలయం వెనక, సర్పంచ్ ఇంటి పక్కన.

ఇది ఊహ కాదు. 2024లో పత్రికల్లో వచ్చింది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి రేషన్ ఆగిపోయింది. దాదాపు అదే పేరున్న వేరే ఎవరికో కారు ఉండటమే కారణం. ఆ కారు మాది కాదని నిరూపించుకోవడానికి తిరగాల్సింది ఎవరయ్యా అంటే, బియ్యం రాని ఆ కుటుంబమే.

సరే, మోడల్ బాగా ట్యూన్ చేస్తే పోతుంది కదా అంటారు. ఒక చిన్న లెక్క వేద్దాం, నంబర్లు నేను ఊరికే అనుకున్నవి. ఒక జిల్లాలో లక్ష కార్డులున్నాయి. అందులో 5 వేలు నిజంగా అనర్హులవి. మన సాఫ్ట్‌వేర్ రెండు వైపులా 95 శాతం కరెక్ట్. 5 వేలలో 4,750 పట్టుకుంది, సూపర్. కానీ మిగతా 95 వేల మంది అర్హుల్లో 5 శాతం తప్పు పోయింది. అదెంత? అదీ 4,750! అంటే లిస్టులో ఎక్కిన ప్రతి ఇద్దరిలో ఒకరు ఏ తప్పూ లేనివాళ్లు. మన బీటెక్ ప్రాజెక్టులో 95 శాతం అక్యూరసీ అంటే ఎక్స్‌టర్నల్ మురిసిపోయి మార్కులు వేస్తాడు. మిగిలిన 5 శాతం ఎవరు అని వైవాలో ఎవరూ అడగరు.

తెలంగాణలో కొన్నేళ్లలో రద్దయిన కార్డులు దాదాపు 19 లక్షలు. అన్నీ సాఫ్ట్‌వేర్ వల్లే పోయాయనట్లేదు, నిజంగా బోగస్ కార్డులు కూడా ఉన్నాయి. పాయింట్ ఏంటంటే ముందు నోటీసు ఇవ్వకుండా తీసేశారని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆ కార్డులన్నీ మళ్లీ ఫీల్డ్‌లో వెరిఫై చేయమంది. మనుషులు ఇంటికి వెళ్లి చూడాలన్నమాట. ముందే వెళ్లుంటే?

దొంగ కార్డుల వల్ల పోయేది మన పన్ను డబ్బే కదా అనేవాళ్లున్నారు. నిజమే. కానీ రెండు తప్పుల బరువు ఒకటి కాదు. అనర్హుడికి కార్డు ఉంటే ఖజానాకి నెలకి కొన్ని కిలోల బియ్యం నష్టం. అర్హురాలికి కార్డు పోతే ఆ ఇంట్లో కుండ ఖాళీ. థ్రెషోల్డ్ 80 పెట్టాలా 95 పెట్టాలా అన్నది కోడర్ ల్యాప్‌టాప్‌లో తేలే విషయం కాదు, అసెంబ్లీలో చర్చ జరగాల్సిన విషయం. తెలంగాణలో అర్హత రూలే చూడండి. గ్రామాల్లో ఏడాదికి లక్షన్నర ఆదాయం, పట్టణాల్లో 2 లక్షలు, తరి పొలమైతే మూడున్నర ఎకరాలు, ఖుష్కి అయితే ఏడున్నర. ఇవి అందరికీ తెలుసు, మారిస్తే పేపర్లో వస్తుంది. మ్యాచింగ్ స్కోరు ఎంత దాటితే కార్డు పోతుందో ఎప్పుడైనా పేపర్లో చూశారా?

నేనైతే ఏం చేస్తానంటే, సాఫ్ట్‌వేర్‌కి డిలీట్ పర్మిషనే ఇవ్వను. అనుమానం వస్తే రివ్యూ అని మార్క్ చెయ్, ఎవరో ఒక అధికారి ఇంటికెళ్లి చూడనీ, అప్పటిదాకా బియ్యం ఆగకూడదు. ప్రొడక్షన్ డేటాబేస్‌లో మనం ఒక్క రో తీసేయాలన్నా ముందు బ్యాకప్, అప్రూవల్ అంటాం కదా. ఇక్కడ రో అంటే ఒక కుటుంబం.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ సాయం విషయంలో వేల కుటుంబాల మీద ఇలాగే తప్పుగా మోసగాళ్లని ముద్రేశారు. ఆ గొడవలో 2021 జనవరిలో ఏకంగా ప్రభుత్వమే రాజీనామా చేసింది. మన దగ్గర ఇంకా ఎవరినీ పెద్దగా అడగలేదు.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఎవరి కార్డు అయినా కారణం చెప్పకుండా పోయుంటే ఆర్టీఐ వేయండి. ఫీజు 10 రూపాయలకి మించదు, దారిద్య్ర రేఖకి దిగువనున్నవాళ్లకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అప్లికేషన్‌లో "ఎందుకు తీశారు" అని మాత్రమే రాస్తే "అనర్హులు" అని ఒక్క ముక్క రాసి పంపుతారు. ఏ శాఖ రికార్డుతో మా పేరు కలిసింది, ఆ రికార్డులో ఏముంది, ఇంటికి వచ్చి చూసిన తేదీ ఎప్పుడు, ఈ మూడూ విడివిడిగా అడగండి. జవాబు వస్తే నాకు పంపండి, పేర్లు తీసేసి వచ్చే ఎపిసోడ్‌లో చదువుదాం.