దినచర్య రాయడానికి జంకెందుకు?



మన ఇళ్ళలో జమాఖర్చుల పుస్తకం ఉంటుంది. చీటీపాట లెక్క ఉంటుంది. పాలలెక్క గోడమీది క్యాలెండరులో ఉంటుంది. మనసులో మాట రాసుకునే పుస్తకం మాత్రం చాలా ఇళ్ళలో కనిపించదు. ఎందుకు రాయరని అడిగితే తీరిక లేదంటారు. కాస్త నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. లేనిది తీరిక కాదు, ధైర్యం. ఆ భయాలేమిటో ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది, ఎవరైనా చదువుతారేమోనన్న భయం. ఇది ఉత్త భయం కాదు. నలుగురున్న ఇంట్లో కోడలికి సొంతంగా తాళం వేసుకునే పెట్టె ఉండకపోవచ్చు. ఈడొచ్చిన పిల్ల రాసుకున్నది ఇంకొకరి చేతిలో పడితే ఇల్లు అట్టుడికిపోవచ్చు. అందుకని ఉత్తినే భయపడకండి అంటే సరిపోదు, ఉపాయం చెప్పాలి. ఇంగ్లండులో శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి 1660 నుంచి 1669 దాకా తన డైరీని షార్ట్‌హాండులో రాసుకున్నాడు. మనకు అంత విద్య అక్కరలేదు. మనుషుల పేర్లకు బదులు గుర్తులు పెట్టుకోవచ్చు. ఎవరేమన్నారో వదిలేసి, నాకేమనిపించిందో అంతవరకే రాసుకోవచ్చు. మరీ బరువైన సంగతయితే రాసి, చదువుకుని, చించి పొయ్యిలో వేయవచ్చు. కాగితం కాలిపోయినా మనసుకు కలిగిన తేట కాలిపోదు. ఇంటి పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లల పుస్తకం కంటబడితే తెరవకండి. మీరు ఒక్కసారి తెరిస్తే వాళ్ళు జన్మలో మళ్ళీ రాయరు.

రెండో భయం ముఖ్యంగా మన సరిహద్దు వాళ్ళది: ‘నాకు తెలుగు సరిగా రాయడం రాదు.’ నిజమే. బళ్ళారి, కోలారు వైపు కన్నడంలో, హోసూరు వైపు తమిళంలో, బరంపురం, రాయగడ వైపు ఒడియాలో, షోలాపూరులో మరాఠీలో చదువుకున్నవాళ్ళు మనలో ఎందరో. తమిళనాట 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. అక్కడ చాలామంది పిల్లలకు తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగానే మిగిలింది. వాళ్ళకు ఒత్తులూ దీర్ఘాలూ తడబడడంలో వింత లేదు. అయితే డైరీకి మార్కులు వేసే పంతులు లేడు.

మద్రాసులో సుప్రీం కోర్టు దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిపొడుగునా చూసినవన్నీ రాశాడు. ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళున్నాయి, ఏ నది ఎలా దాటాలి, అన్నీ రాశాడు. గ్రాంథికం కోసం చూసుకోలేదు. ఆనాటి వాడుకమాటల్లో, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలు కలిసిన తెలుగులోనే రాశాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఈనాటికీ చదువుతున్నాం. కాబట్టి మీ తెలుగులో కన్నడమో తమిళమో కలిస్తే కలవనివ్వండి. అక్షరాలు రాకపోతే కన్నడ లిపిలోనే తెలుగు మాటలు రాయండి. అది తెలుగే.

మూడోది, రాయడానికి ఏముందన్న సందేహం. లేచాం, వండాం, తిన్నాం, పడుకున్నాం, అంతేకదా అంటారు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారి దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్ళె 1736లో తమిళంలో దినచర్య మొదలుపెట్టాడు. మన కస్తూరి రంగకవి ఛందోగ్రంథాన్ని అంకితం పుచ్చుకున్నది ఈయనే. చెవినపడ్డవీ, కంటపడ్డవీ, ఓడల రాకపోకలూ, సరుకుల సంగతులూ రాసుకుంటూ పోయాడు. ఆనాడు అవి మామూలు విషయాలు. ఈనాడు ఫ్రెంచి పాలన చరిత్ర రాసేవారికి అవే ఆధారాలు. మీ ఇంట్లో ఇవాళ ఉల్లిపాయలు ఏ ధరకు కొన్నారో మీ మనవడికి మీరు తప్ప ఎవరు చెబుతారు?

నాలుగోది, రోజూ రాయలేనేమోనన్న భయం. దినచర్య నోము కాదు, ఒకరోజు తప్పితే దోషం అంటదు. పది రోజులు ఖాళీ పడితే పదకొండో రోజు తేదీ వేసి సాగించండి. వదిలిన రోజులకు సంజాయిషీ రాయనక్కరలేదు.

చివరిది, దుఃఖం తిరగదోడినట్టవుతుందన్న భయం. ఇందులోనూ నిజముంది. అమెరికాలో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరితో కలిసి 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరు విద్యార్థుల చేత వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను కలతపెట్టిన సంగతి రాయించారు. రాసిన వెంటనే వాళ్ళ మనసు మరింత బరువెక్కింది. కానీ ఆ కష్టంతో పాటు దాని గురించి తమకు కలిగిన భావాలను కూడా రాసినవాళ్ళు, తరువాతి నెలల్లో మిగతావారికంటే తక్కువసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళారు. కనుక మొదటిరోజు కన్నీళ్ళు వస్తే కంగారుపడకండి. రోజులు గడిచినా బరువు తగ్గక పెరుగుతుంటే మాత్రం కలం పక్కన పెట్టి, నమ్మకమైన మనిషితోనో వైద్యుడితోనో మాట్లాడండి. అన్ని బాధలకూ కాగితమే మందు కాదు.

ఎల్లలకు ఇవతల ఉన్న మనకు ఇందులో ఇంకో లాభం ఉంది. మన ఊళ్ళ తెలుగు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కలేదు. అమ్మమ్మ వాడిన మాట మనం రాసుకోకపోతే ఆమెతోనే పోతుంది. ఈ రాత్రి దీపం ఆర్పే ముందు పిల్లల పాత నోటుపుస్తకంలో మిగిలిన కాగితం ఒకటి తీసుకోండి. పైన తేదీ వేయండి. ఇవాళ విన్న ఒక మాట, చేసిన ఒక పని, కలిగిన ఒక ఆలోచన, మూడే మూడు వాక్యాలు రాయండి. రేపటి సంగతి రేపు చూసుకుందాం.