శుభలేఖకు రెండవ ప్రయాణము



వైశాఖమాసము వచ్చినదన్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో పెండ్లిపిలుపు అందని గడప అరుదు. నాలుగు మూలలను పసుపు పూసుకొని, బంగారువన్నె అక్షరములతో, విఘ్నేశ్వరుని ప్రతిమతో ఇల్లు చేరిన శుభలేఖ, ముహూర్తము గడచినంతనే పనిలేనిదగును; అయినను దానిపై వధూవరుల నామధేయములును దేవతామూర్తియు నుండుటచేత, దానిని చెత్తలో వేయుటకు మన ఇల్లాండ్రకు చేయి రాదు; అందుచేత అది అటుకమీదనో, బీరువా అడుగుననో ఏండ్ల తరబడి నిలిచిపోవును. ఇక మరల ఏదో యొక పెండ్లికి పోయి నూటపదహార్లు చదివింపవలసి వచ్చినప్పుడు, మూలను రూపాయి బిళ్ల అతికించిన రంగుల కవరును మనమే అంగడిలో కొని తెత్తుము. ఇంటనున్న ఆ అందమైన కాగితముతోనే కవరును చేతితో చేసికొను విద్య కలదు. చిన్న విద్యయే యైనను అది నేర్వదగినదని నా దృఢవిశ్వాసము.

కవరు మనము తలచునంత పురాతనమైన వస్తువు కాదు. ఇంగ్లండులో 1840కి పూర్వము తపాలా రుసుము దూరమును బట్టియు, కాగితముల సంఖ్యను బట్టియు వసూలు చేయబడుచుండెను గనుక, ఉత్తరమునకు పైచుట్టుగా మరొక కాగితమును వాడుట యనగా రెండింతల రుసుమును కొని తెచ్చుకొనుటయే. అందుచేత జనులు ఉత్తరమునే మడచి, దాని వీపుననే విలాసము వ్రాసి, లక్కముద్ర వేసెడివారు. తూకమును బట్టి రుసుము నిర్ణయించు పద్ధతి వచ్చిన పిదపనే కవరునకు స్వేచ్ఛ లభించినది. మన దేశమున 1854లో, దూరముతో నిమిత్తము లేక, పావుతులము ఉత్తరమునకు అర్ధణా చొప్పున రుసుము ఏర్పడెను. అయితే ఆనాడు మన గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు నిజాము రాజ్యమున నుండినవి. ఆ రాజ్యము 1869లో సొంత తపాలా బిళ్లలను వెలువరించి, 1950 ఏప్రిల్ 1వ తేదీ వరకు తన టపాను తానే నడుపుకొన్నది.

కాగితమును గూర్చి కొంత నిదానముగా చెప్పవలెను; ఏలయన కవరు బాగోగులన్నియు దానియందే యున్నవి. యంత్రముపై తయారైన ప్రతి కాగితమునకును నారబాట, అనగా నారలు సాగిన దిక్కు, యొకటి యుండును. కాగితమును రెండు దిక్కులను మెల్లగా వంచి చూచినచో, ఏ వంపుగీత వెంట సుళువుగా వంగునో అదియే దాని బాట. ఆ బాట వెంట వేసిన మడత నున్నగా పడును, అడ్డముగా వేసినది పగులును. శుభలేఖల మందపు అట్టలు, బంగారురేకు ముద్రణ గల భాగములు మడతకు ఏమాత్రము ఓర్వవు. ఒకప్పుడు పాలమూరు సీమలోని కోయిలకొండలో తయారైన చేతికాగితమువంటి వానిలో నారలు అన్ని దిక్కులకు అల్లుకొని యుండును గనుక, ఎటు మడచినను ఒక్కటే. నేటి శుభలేఖల పైచుట్లలో కొన్ని చేతికాగితముతో చేసినవే. అవి దొరికినచో వదలకుడు. ప్లాస్టికు పొర అంటించిన మెరుపు కాగితముమీద జిగురు నిలువదు, సిరా ఆరదు. దానిని ముట్టకుండుటయే మేలు.

పది సెంటీమీటర్ల వెడల్పు, పదునైదు సెంటీమీటర్ల పొడవు గల ఉత్తరమునకు ఇరువది సెంటీమీటర్ల చదరపు కాగితము చాలును. చదరమును మూలమీద నిలిపి, నడుమ ఉత్తరమును అడ్డముగా నుంచి, నాలుగు కొనలను లోనికి మడచినచో కవరు రూపము దానంతట అదే ఏర్పడును. మడతల నడుమ మిగిలిన చిన్న ముక్కలను కత్తిరించి, మడతలను వెదురుబద్దతో గట్టిగా రుద్దవలెను. పక్క కొనలు రెంటిని ముందు మడచి, క్రింది కొన అంచులకు మాత్రమే సన్నగా జిగురు రాసి, వానిపై అతికించి, బరువు క్రింద ఆరనీయవలెను. జిగురు ఎక్కువైనచో కాగితము ముడుతలు పడును. క్రొత్తగా నేర్చువారందరును చేయు పొరపాటిదే.

జిగురు కొరకు పుస్తకములు కుట్టువారు మైదాపిండిని ఉడికించి, పురుగు పట్టకుండ చిటికెడు మైలతుత్తము కలుపుదురు. అది విషము, కావున నాలుకతో తడిపి మూయు పైమూతకు ఆ జిగురును ఎన్నడును రాయరాదు. మూతకు తుమ్మబంకయే శ్రేష్ఠము: నీట కరగించి, పలుచగా పూసి ఆరబెట్టినచో, తరువాత తడి తగిలినంతనే అంటుకొనును. నాగర్‌కర్నూలు జిల్లాలోని అమ్రాబాదు అడవులలో చెంచులు సేకరించు తపసిబంక ఎంతో విలువ గలదే, గాని అది నీటిలో ఉబ్బునే తప్ప కరగదు. అతుకు పనికి అది కూడదు.

కవరును గద్వాల చీరవలె కూడ చేయవచ్చును: అక్కడ నూలు ఒడలికి పట్టు అంచును కుట్టు నేతతో కలిపినట్లే, ఇక్కడ సాదా తెల్లకాగితపు కవరునకు లోపలివైపు శుభలేఖ చిత్రమును పొదుగవచ్చును, మూత తెరచినప్పుడే ఆ వన్నె కానవచ్చును. బయట ఆడంబరము లేని ఈ పద్ధతియే నాకు మిక్కిలి ప్రీతికరము, టపాకు అనుకూలమైనదియు నిదియే. పైకి రంగుల కాగితమునే వాడినచో, విలాసము కొరకు తెల్లచీటీని విధిగా అతికింపవలెను.

ఒక్క మాటను మాత్రము ప్రత్యేకముగా మనవి చేసెదను. దేవతామూర్తిపై కత్తెర వేయకుడు. తపాలాముద్ర పడుచోటను, చింపెడి మూతమీదను ఆ ప్రతిమ రానీయకుడు. దానిని చెక్కుచెదరకుండ కత్తిరించి, లోని ఉత్తరమునకు శిరోభాగమున అతికించినచో, మన పెద్దలు ఉత్తరము పైన శ్రీకారము చుట్టు ఆచారమునకు అది తగియుండును.

బడులలో చేతిపని నేర్పు ఉపాధ్యాయులారా, వేసవి సెలవులకు ముందు ఒక్క పూట ఈ పనికై కేటాయింపుడు. ప్రతి విద్యార్థియు ఇంటినుండి ఒక పాత శుభలేఖను తెచ్చి, కవరు చేసి, దానిలో తన అమ్మమ్మకో తాతయ్యకో నాలుగు పంక్తుల ఉత్తరము వ్రాసి పంపవలెను. తెల్లచీటీమీద పిన్‌కోడు ఆరంకెలును స్పష్టముగా నుండవలెను: గద్వాలకు 509125, వనపర్తికి 509103, నాగర్‌కర్నూలుకు 509209.