అమావాస్యకో పున్నమికో

ముప్పై ఏళ్లు ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి కదా, ఆ భాష గురించి నాలుగు మాటలు మాట్లాడమన్నారు నిర్వాహకులు. ఒక్క జాతీయం చాలనుకుంటున్నాను: ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’.

‘నీలి చందమామ వచ్చినప్పుడు’ అని చెబితే పిల్లలు అయోమయంగా చూస్తారు. ‘అమావాస్యకో పున్నమికో’ అంటే చటుక్కున అందుకుంటారు. తమాషా చూడండి, అమావాస్యా పున్నమీ పదిహేను రోజులకొకటి వస్తూనే ఉంటాయి. అయినా ‘వాడు అమావాస్యకో పున్నమికో ఇంటికొస్తాడు’ అంటే నెలకు రెండుసార్లని ఎవరూ లెక్కకట్టరు. అరుదుగా వస్తాడని, కాస్త నిష్ఠూరంగా, అర్థం. ఇంగ్లీషులోనూ ఆ నిష్ఠూరం చాలాసార్లు తొంగిచూస్తుంది. అందుకే ఆహ్వానపత్రంలో ‘మనం బ్లూ మూన్‌కోసారి కలుస్తున్నాం’ అని రాస్తే, చదివినవాళ్లకు దెప్పినట్టుంటుంది.

కొన్ని గైడు పుస్తకాలు దీనికి ‘రెండున్నరేళ్లకోసారి’ అని అర్థం రాస్తాయి. నమ్మకండి. ఒకే ఇంగ్లీషు నెలలో వచ్చే రెండో పున్నమిని ఇప్పుడు బ్లూ మూన్ అంటున్నారు. 2023 ఆగస్టు 31న అలాంటిదే వచ్చింది. కానీ ఆ నిర్వచనం 1946లో ‘స్కై అండ్ టెలిస్కోప్’ పత్రికలో ఒక రచయిత అమెరికా రైతుల పంచాంగాన్ని పొరపాటుగా అర్థం చేసుకోవడం వల్ల వ్యాపించింది. జాతీయం అంతకు నూరేళ్ల ముందే వాడుకలో ఉంది. అన్నట్టు, మన చాంద్రమాన మాసంలో రెండో పున్నమికి చోటే లేదు. చంద్రుడికీ సూర్యుడికీ కుదరని ఆ లెక్కే మనకు అధికమాసంగా తేలుతుంది. 2023లో మనకు అధిక శ్రావణం వచ్చింది.

ఇదంతా సరదాగానే ఉంటుంది, ఆసుపత్రి గది దాకా. మనలో చాలామంది అమెరికాలోనో ఇంగ్లండులోనో ఉంటున్నారు. అమ్మానాన్నలు వచ్చినప్పుడు డాక్టరు దగ్గర దుబాసీ పని మనదే. ‘గుండెలో నొప్పి ఎప్పుడెప్పుడొస్తుంది?’ అని అడిగితే నాన్న ‘ఏదో, అమావాస్యకో పున్నమికో’ అని తేల్చేస్తారు. దాన్ని ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అని మార్చి చెబితే జాతీయానికి జాతీయం సరిపోయినట్టే, తప్పు పట్టడానికి లేదు. డాక్టరు మాత్రం దాదాపు రాదని రాసుకుంటాడు. నాన్నకు నిజంగానే నెలకు రెండుసార్లు వస్తూండవచ్చు. ఆయన డాక్టరు ముందు నొప్పిని తక్కువ చేసి చెప్పే తరం మనిషి కూడాను.

అక్కడ జాతీయం పక్కన పెట్టి, ‘పోయిన నెలలో ఎన్నిసార్లొచ్చింది నాన్నా? చివరిసారి ఏ రోజు?’ అని అడగండి. ఆయన చెప్పిన అంకెనే డాక్టరుకు చెప్పండి.