ఉప్పు తగినంత



ఈవేళ నేను మాట్లాడబోయేది వంట గురించి. ఆడవాళ్ళకు వంట గురించి కొత్తగా చెప్పేదేముందమ్మా అంటారేమో! ఆ మాటకే నేనొకప్పుడు చాలా ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళు నిండేదాకా గుప్పెడు బియ్యం కూడా వండి ఎరగని ఆడపిల్ల, చెప్పేవాళ్ళు లేకుండా వంట ఎలా నేర్చుకుందో చెబుతాను. ఆ ఆడపిల్లను నేనే లెండి.

మాది గూడూరు. 2022లో తిరుపతి జిల్లాలో చేర్చారు గాని, నా చిన్నతనమంతా అది నెల్లూరు జిల్లాయే. మా నాయన నిమ్మకాయల మండీలో లెక్కలు రాసేవాడు. నా తర్వాత ఇద్దరు తమ్ముళ్ళు. అమ్మ నన్ను వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. "పెళ్ళయితే ఎట్టాగూ తప్పేది కాదు గదమ్మే, ఉన్నన్నాళ్ళన్నా సుకంగా ఉండు" అనేది. నేనూ పదో తరగతి పాసై, టైపు నేర్చుకుంటూ, కంచం ముందు కూర్చోవడమే నా పని అనుకున్నాను.

1999లో అమ్మకు నడుము పడిపోయింది. మద్రాసులో ఆపరేషను. మా పిన్నమ్మ ఇల్లు అక్కడే గనక రెండు నెలలు అక్కడే ఉంచేశారు. రైలెక్కించి వచ్చిన రాత్రి ఇంట్లో నలుగురం మిగిలాము. తమ్ముళ్ళిద్దరూ నా మొహంకేసి చూశారు. నాయనా చూశాడు. ఎందుకు చూశారో నాకు తెలుసు.

మొదటి రోజు అన్నం పైన పలుకు, కింద మాడు. రెండో రోజు చింతపండు పులుసు, ఉప్పు, కందిపప్పు అన్నీ కలిపి కుక్కరులో పడేశాను. ఆరు కూతలు వచ్చినా పప్పు ఉడకలేదు. "అక్కా, ఇది పప్పా, గుగ్గిళ్ళా?" అన్నాడు పెద్ద తమ్ముడు. నాయన మాత్రం తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని, మండీకి వెళ్ళిపోయాడు. తమ్ముడి ఎగతాళి కంటే నాయన మౌనమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అంతకంటే బాధ పెట్టింది ఇంకొకటి. పలకరించడానికి వచ్చిన వాళ్ళందరూ "ఇంత వయసొచ్చి వంట రాదా? మీ అమ్మ ఏం నేర్పినట్టు?" అన్నవాళ్ళే. నాకంటే ఏడాదే చిన్నవాడైన తమ్ముణ్ణి ఒక్కరూ ఆ మాట అడగలేదు. ఆస్పత్రి మంచం మీద ఉన్న మనిషికి నా మూలంగా మాట రావడం నేను తట్టుకోలేకపోయాను. నేర్చుకుని తీరాలనుకున్నాను.

పక్కింటి పెద్దమ్మ దగ్గర ఒక పాత వంట పుస్తకం ఉండేది. మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు'. ఆవిడ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' శీర్షికను దశాబ్దాల పాటు నడిపిన రచయిత్రి. 'హృదయనేత్రి' నవలకు 1992లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నారు. అంత రచయిత్రి వంటల పుస్తకం రాయడం చిన్నతనమనుకోలేదు. తమిళంలోనూ అలాంటి పుస్తకమే ఒకటుంది. మీనాక్షి అమ్మాళ్ గారు 1951లో వేసిన 'సమైత్తు పార్', అంటే 'వండి చూడు' అన్నమాట. కాపురాలు పట్నాలకు మారి, చెప్పే పెద్దవాళ్ళు పక్కన లేని కొత్త కోడళ్ళకు ఇలాంటి పుస్తకాలే అత్తగార్లు, అమ్మలు అయ్యాయి. నాకూ అంతే.

అయితే ఏ వంట పుస్తకం తెరిచినా ఒక మాట నన్ను వెక్కిరించేది: 'ఉప్పు తగినంత'. ఎంతమ్మా తగినంత? పెద్దమ్మను అడిగితే "చెయ్యే చెబుద్దిలే" అంది. నా చెయ్యి ఏమీ చెప్పలేదు!

అప్పుడు నాయన దగ్గర ఒక ఖాళీ చిట్టా పుస్తకం తీసుకున్నాను. తారీకు వేసి, ఏ కూర, ఎన్ని నీళ్ళు, ఎన్ని చెంచాల ఉప్పు, ఎంత కారం అని ఒక పక్క రాసేదాన్ని. తిన్నవాళ్ళు ఏమన్నారో రెండో పక్క. జమా, ఖర్చు లాగానే. వారం తిరిగేసరికి నా తప్పులు నాకే కనబడ్డాయి. అమ్మ వాడేది రాళ్ళుప్పు. నేను షాపు నుంచి మెత్తటి ఉప్పు తెప్పించి, అమ్మ చెంచాతోనే వేస్తున్నాను. రాళ్ళ మధ్య సందులుంటాయి గనక చెంచాడు రాళ్ళుప్పు కంటే చెంచాడు మెత్తటి ఉప్పు బరువు ఎక్కువ. మా పులుసులన్నీ ఉప్పుకషాయాలు కావడానికి కారణం అదన్నమాట.

బియ్యం సంగతీ అంతే. పాత బియ్యం ఎక్కువ నీళ్ళు తాగుతాయి, కొత్త బియ్యానికి తగ్గించాలి. అందుకే బస్తా మారినప్పుడల్లా ఎసరు కొలత మార్చాలి. పులుపు తగిలితే పప్పు తొందరగా మెత్తబడదు, కాబట్టి చింతపండైనా టమాటా అయినా పప్పు ఉడికాకే. ఇక నిమ్మకాయల ఊళ్ళో పుట్టి నిమ్మకాయ పులిహోర చేదుగా చేసినదాన్ని నేనే! పొయ్యి మీద తాలింపులోనే రసం పిండాను. బాణలి దించి, కాస్త చల్లారనిచ్చి పిండాలని తర్వాత తెలిసింది.

అన్నిటికంటే భయం చేపల పులుసు. మా వైపు మామిడికాయ ముక్కలు వేసి పెడతాము. నేను మొదటిసారి గరిటె పెట్టి తిప్పేశాను. చేపలు లేవు, ముళ్ళు మిగిలాయి. ముక్కలు వేశాక గరిటె ముట్టకూడదు, గుడ్డతో దాక అంచులు పట్టుకుని కుదపాలి. దించి, రాత్రంతా ఉంచితే పులుపూ కారమూ ముక్కలోకి దిగి మర్నాటికి రుచి తేలుతుంది. మూడో ఆదివారం నాయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. చిట్టాలో జమ వైపు ఆ ఒక్క ముక్కే రాశాను: 'నాయన మారు అడిగాడు.'

రెండు నెలలకు అమ్మ వచ్చింది. ఎంత మెచ్చుకుంటుందో అనుకున్నాను. మెల్లగా గోడ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నేను నా వీలుకొద్దీ డబ్బాలన్నీ సర్దుకున్నాను. పోపుల డబ్బా కోసం ఎప్పుడూ ఉండేచోట చెయ్యి పెట్టింది. అక్కడ లేదు. నేను తీసిచ్చాను. అమ్మ మాట్లాడలేదు. మధ్యాహ్నం తమ్ముడు "అక్క పులుసే బాగుందిమా" అన్నాడు. అమ్మ కంచం ముందు నుంచి లేచిపోయింది.

నాకు రోషం వచ్చింది. ఇంత చేస్తే ఇదా అనుకున్నాను. రెండు రోజులు ఇద్దరం ముక్తసరిగానే మాట్లాడుకున్నాము. మూడో రోజు తెల్లవారుజామున చూద్దును గదా, అమ్మ వంటింటి గడప మీద కూర్చుని నా చిట్టా పుస్తకం చదువుతోంది. "ఇన్ని తిప్పలు పడ్డావా?" అంది. కాసేపాగి, "నువ్వు సుకంగా ఉండాలనే నేర్పలా. అంతేనా అంటే అంతే కాదు. ఈ ఇంట్లో నాకంటూ ఉండిందీ వంటిల్లొక్కటే. అది కూడా ఎవరికన్నా ఇయ్యాలంటే మనసొప్పలేదు" అంది.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ మాట నన్ను వదలలేదు. మనకు గుర్తింపు వచ్చేది అక్కడే అయినప్పుడు, ఆ విద్యను మనమే దాచుకుంటాము. పిల్లల మీద ప్రేమ అని దానికి పేరు పెడతాము. ఆ రోజు నేను డబ్బాలన్నీ తిరిగి అమ్మ చోట్లలో పెట్టేశాను. అమ్మ పోపుల డబ్బా మాత్రం నేను పెట్టిన చోటే ఉంచమంది.

ఇప్పుడు మా అబ్బాయి శ్రీసిటీలో ఉద్యోగం చేస్తూ, మరో ఇద్దరితో కలిసి గదిలో ఉంటున్నాడు. వాడు పదో తరగతి సెలవుల్లో ఉన్నప్పుడే పొయ్యి దగ్గర నిలబెట్టాను. "మగపిల్లాడికి ఎందుకే" అన్నవాళ్ళున్నారు. ఆకలికి ఆడా మగా తేడా లేదు గదండీ! మీరూ పిల్లలకు నేర్పండి. మొదట అన్నం, పప్పు, ఒక వేపుడు, ఒక చారు చాలు. కొలతలు చెంచాల్లో, గ్లాసుల్లో చెప్పండి. చెడగొడితే ఎందుకు చెడిందో వాళ్ళతోనే రాయించండి. మీరు గరిటె లాక్కోకండి. ఇది అన్నిటికంటే కష్టం, నా అనుభవంతో చెబుతున్నాను.

మొన్న రాత్రి వాడు ఫోను చేసి, "అమ్మా, పులుసులో ఉప్పెంత?" అన్నాడు. "తగినంత" అని నోటిదాకా వచ్చింది. ఆగి, "ఎంతమందికి పెడుతున్నావు నాయనా?" అని అడిగాను. లెక్క అక్కణ్ణుంచి మొదలుపెట్టాము.