చుక్క సాగితే మౌంట్‌దేనా తప్పు?

పెరట్లో టెలిస్కోపు పెట్టుకుని ఆకాశాన్ని ఫోటోలు తీసే తెలుగువాళ్ళలో ఒకావిడ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ దగ్గర ఎనిమిది అంగుళాల ష్మిట్ కాసెగ్రెయిన్ ఉంది. దానిమీద చిన్న గైడ్ స్కోపు బిగించారు. గైడింగ్ గ్రాఫ్ చక్కగానే వస్తోందట. అయినా ఐదు నిమిషాల ఫోటోలో చుక్కలన్నీ కోడిగుడ్లలా సాగుతున్నాయి. ఇంకా పెద్ద మౌంట్ కొందామని వాళ్ళాయన అంటున్నారు. కొనమంటారా అని అడిగారు.

అప్పుడే వద్దండీ. మౌంట్ సరిగ్గా తిరగకపోతే ఆ సంగతి ముందు గ్రాఫ్‌లోనే తెలిసిపోతుంది. గ్రాఫ్ బాగుండి ఫోటో పాడవుతోందంటే, గైడ్ స్కోపు ఒకవైపు, అసలు టెలిస్కోపు ఇంకోవైపు చూస్తున్నాయన్నమాట. రాత్రి గడిచేకొద్దీ ట్యూబు వాలు మారుతుంది, బరువు పడే దిక్కూ మారుతుంది. రెండూ ఒకేలా వంగవు. దీన్నే డిఫరెన్షియల్ ఫ్లెక్షర్ అంటారు.

ఎంత వంగితే ఇంత అనర్థం? గైడ్ స్కోపు రింగుల మధ్య 20 సెంటీమీటర్ల దూరం ఉందనుకోండి. అందులో ఒక రింగు 2 మైక్రాన్లు దిగితే చాలు, చూపు 2 ఆర్క్ సెకండ్లు తప్పుతుంది. తల వెంట్రుక మందంలో అది పాతికో వంతుకు మించదు. రెండు మీటర్ల ఫోకల్ లెంగ్త్ దగ్గర చుక్క సాగడానికి ఆ మాత్రం చాలు. ప్లాస్టిక్ మొన ఉన్న మరలతో మూడువైపులా నొక్కిపెట్టిన రింగులు ఎందుకు పనికిరావో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక్క తేడా గుర్తుంచుకోండి. ట్రైపాడ్ కాలు తడిగడ్డిలో దిగబడిందనుకోండి, రెండు ట్యూబులూ కలిసే కదులుతాయి కాబట్టి గైడర్ దాన్ని నెమ్మదిగా సర్దేస్తుంది. రెండు ట్యూబులూ విడిపోయిన చోటు నుంచి పైన ఏది వంగినా, అంటే రింగులు, డవ్‌టెయిల్ పట్టీ, ఫోకసర్, వేలాడి లాగే కేబుల్, గైడర్‌కు ఆ సంగతే తెలియదు. ష్మిట్ కాసెగ్రెయిన్‌లో అయితే లోపలి పెద్ద అద్దమే జరుగుతుంది. ఎన్ని మరలు బిగించినా దానికి మందు లేదు.

పరీక్ష సులువే. డిథరింగ్ ఆపేసి, నిమిషం చొప్పున గంటసేపు ఫోటోలు తీసి, మొదటిదాన్నీ చివరిదాన్నీ ఒకదానిమీద ఒకటి పెట్టి చూడండి. చుక్కలన్నీ ఒకే దిక్కుకు ఒకే దూరం జరిగితే ఫ్లెక్షర్. ఒక బిందువు చుట్టూ తిరిగినట్టు కనిపిస్తే పోలార్ అలైన్‌మెంట్ కుదరలేదు.

ఫ్లెక్షర్ అని తేలితే ఏం చేయాలి? 1930లలో కాలిఫోర్నియాలోని పాలొమార్ 200 అంగుళాల టెలిస్కోపుకు మార్క్ సెర్యూరియర్ అనే ఇంజినీరు చూపిన దారి నాకు చాలా ఇష్టం. అంత బరువు వంగకుండా ఆపడం అసాధ్యమని, రెండు కొసలూ ఒకే మేర, ఒకదానికొకటి సమాంతరంగా దిగేట్టు కమ్మీల చట్రం కట్టించాడు. మనకు ఆ పని చేసిపెట్టేది ఆఫ్ యాక్సిస్ గైడర్. కెమెరాకు వెళ్ళే వెలుగులోంచే చిన్న పట్టకం కాస్త తీసుకుని గైడ్ కెమెరాకిస్తుంది. అద్దం జరిగినా ఇద్దరికీ ఒకేలా జరుగుతుంది. ఇబ్బంది లేకపోలేదు. దానికి కనిపించే ఆకాశం చిన్నముక్క, గైడ్ చుక్క దొరకడం ఒక్కోసారి కష్టం. అయినా పెద్ద మౌంట్ ఖరీదుతో పోలిస్తే ఇది చిల్లరే.

ఇక గురి తప్పడం వేరే సంగతి. అడిగిన గెలాక్సీ ఫ్రేములోకి రాకపోతే పోలార్ అలైన్‌మెంట్ చూసుకోవాలి. ధ్రువనక్షత్రం హైదరాబాదులో సుమారు 17 డిగ్రీల ఎత్తున, లండన్‌లో 51 డిగ్రీల దగ్గర ఉంటుంది. కౌలాలంపూర్‌లో 3 డిగ్రీలే, ఇళ్ళచాటున పోతుంది. జొహానెస్‌బర్గ్ వాళ్ళకు అసలు ఉదయించదు. అలాంటి చోట డ్రిఫ్ట్ పద్ధతి పనికొస్తుంది. ట్యూబు మెరిడియన్ దాటి పక్క మారినప్పుడల్లా గురి తప్పుతుంటే కోన్ ఎర్రర్‌ను అనుమానించండి, డవ్‌టెయిల్ కింద పల్చటి రేకుతో సర్దవచ్చు. అదీ తలనొప్పి అనుకుంటే ప్లేట్ సాల్వింగ్ ఉంది. ఒక ఫోటో తీస్తే, చుక్కల అమరికను బట్టి ట్యూబు నిజంగా ఎటు చూస్తోందో సాఫ్ట్‌వేర్ కనిపెట్టి, మౌంట్‌ను సరిదిద్దుతుంది. కానీ సాగిన చుక్కల్ని అది గుండ్రంగా చేయలేదు సుమండీ.

అమ్మా, ముందు కేబుళ్ళు కట్టి, రింగులు మార్చి, ఆ గంట పరీక్ష చేయండి. గ్రాఫ్ ఎగుడుదిగుడుగా వచ్చిననాడు మీవారి మాట మళ్ళీ ఆలోచిద్దాం. సెలవు.