గుండె రోగికి ఇంటి సేవ



జగిత్యాల, కోరుట్లలో బీడీలు చేసే ఇండ్లలోనైనా, సిరిసిల్లలో సాంచాలు నడిపే ఇండ్లలోనైనా గుండె రోగికి నర్సు ఇల్లాలే, లేదా కోడలే.

ఆయాసం తగ్గిందని గోలీలు ఆపరాదు. డాక్టరు రాసిచ్చిన సార్బిట్రేట్ నాలుక కింద పెట్టేముందు రోగిని కూర్చోబెట్టాలి; నిలబడితే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకుంటే 108కి ఫోన్ చేయాలి. రోజూ పొద్దున బరువు చూడాలి. రెండు మూడు రోజుల్లోనే 2 కిలోలు పెరిగినా, పాదాలు వాచినా ఒంట్లో నీరు చేరుతున్న గుర్తు. వెంటనే డాక్టరుకు చూపాలి. ఉప్పు, తొక్కులు తగ్గించాలి.

ఇక రంజాన్ మాట. రోజా కోసం మందు మానేవారు మనలో ఉన్నారు. రోగిని వేరే దినాలలో లెక్క పూర్తి చేసుకొమ్మని ఖురానే సెలవిచ్చింది గదా! కాబట్టి నెల ముందే డాక్టరును అడగండి. సహరీ, ఇఫ్తార్ వేళలకు మందు సర్దవచ్చునో లేదో ఆయన చెప్పాలి, మనం కాదు. ప్రాణం అల్లా ఇచ్చిన అమానత్.