కంప్యూటర్ల పొత్తు

మాన్య పంచాయతీ సభ్యులారా,

వానను నమ్ముకొని వేరుసెనగ పండించు మన అనంతపురము సీమలో జాబితా విలువను మేము మీకు వేరుగ చెప్పనక్కరలేదు. పంట ఎండిన యేట నష్టపరిహారపు జాబితాలో పేరు తప్పినచో ఆ కుటుంబము బెంగుళూరు దారి పట్టవలసి వచ్చును. 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము నార్పల మండలములోని బండ్లపల్లెలోనే ఆరంభమైనది. పనిచేసినవారి పేర్లను, కూలి మొత్తములను ప్రజల యెదుట చదివి సరిచూచు సామాజిక తనిఖీ ఆ పథకముతో మన పల్లెలకు అలవాటైనది.

2019 అక్టోబరు 2వ తేదీన మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ఆరంభమైన పిమ్మట ఊరి కార్యాలయమునకే కంప్యూటర్లు, ప్రింటరు వచ్చినవి. అయినను, యంత్రములు ఒక గదిలో నున్నంత మాత్రమున వాటికి పొత్తు కుదిరినట్లు కాదు. ఒక ఉద్యోగి తన కంప్యూటరులోని జాబితాను పెన్‌డ్రైవులో వేసి మరియొకరికి ఇచ్చును. అంతటితో జాబితాలు రెండగును. ఒకదానిలో రైతు పేరు చేర్చుదురు. గోడకు అంటించునది రెండవది. ఎవరును తప్పు చేయకయే రైతు నష్టపోవును. పైగా పెన్‌డ్రైవు వెంట వైరస్ కూడ యంత్రమునుండి యంత్రమునకు ప్రాకును.

దీనికి ఉపాయము కంప్యూటర్లను నెట్‌వర్కుగా కలుపుట. స్విచ్ అను చిన్న పెట్టెకు ప్రతి కంప్యూటరునుండి ఒక తీగను కలిపి, తగిన అమరికలు చేయింపవలెను. అప్పుడు జాబితా ఒక కంప్యూటరులోని ఉమ్మడి ఫోల్డరులో ఒకే ప్రతిగా నుండును. తక్కినవారు తమ బల్లయొద్దనుండియే దానిని తెరచి చూతురు. ప్రింటరును గూడ ఇట్లే అందరును వాడుకొనవచ్చును. అది ఒక కంప్యూటరుకు తగిలించి యున్నచో ఆ కంప్యూటరు నడచుచుండవలెను. ప్రింటరునకే నెట్‌వర్కు సౌకర్యమున్నచో నేరుగా స్విచ్‌కు కలుపుట మేలు. మరియొక విశేషము కలదు. బయటి ఇంటర్నెట్టు తెగినను, కరెంటున్నంత వరకు గదిలోని ఈ పొత్తు నిలుచును. ఉమ్మడి ఫోల్డరులో నున్న పత్రము కొరకు వచ్చిన ముదుసలి 'రేపు రమ్ము' అను మాట వినవలసిన పనిలేదు.

అయితే పొత్తు అనగా విచ్చలవిడితనము కాదు. చెరువు నీరు ఊరందరిది. తూము ఎత్తువాడు నీరుగంటి యొక్కడే. అట్లే జాబితాను చూచు వీలు కార్యాలయమువారందరికి, మార్చు వీలు బాధ్యత గల ఉద్యోగికి మాత్రమే ఉండునట్లు కంప్యూటరులో ఏర్పాటు చేయవచ్చును. ఆధార్, బ్యాంకు ఖాతా వివరములను వేరొక ఫోల్డరులో, అవసరమున్నవారికి మాత్రమే తెరచుకొనునట్లు ఉంచవలెను. ఎవరి పాస్‌వర్డు వారిదే. దానిని గోడపై వ్రాయరాదు. ఉమ్మడి ఫోల్డరు ఒక్కటే యగుటచే అది చెడినచో అందరికిని నష్టమే. కావున వారమునకొకసారి వేరొక డిస్కులోనికి నకలు తీసి, బీరువాలో తాళము వేసి భద్రపరుపవలెను.

ఇందుకు మీరు కంప్యూటరు విద్య నేర్చియుండ నక్కరలేదు. రాబోవు సమావేశమున మూడు ప్రశ్నలు అడుగుడు: మన జాబితాకు ప్రతి ఒక్కటేనా? దానిని మార్చువారెవరు? నకలు ఎన్నడు తీసితిరి? జవాబులను తీర్మానముల పుస్తకమున ఎక్కించుడు. గోడమీది జాబితా, కంప్యూటరులోని జాబితా ఒక్కటైననాడే గ్రామసభలో చదివిన పేరుకు విలువ కలుగునని మా మనవి.